సందులో స్క్రూ బిగించడం ఎలా? తలలు మార్చే చిన్న డ్రిల్ మిషన్‌తో ఇంటి పని

సింకు కింద షట్టర్ వాలిపోయింది. మూస్తుంటే కింది మూల గచ్చుకు రాసుకుని గీరుమంటోంది. మీరు బాసింపట్టు వేసుకుని కూర్చుని, తల లోపలికి దూర్చి, ఫోన్ లైటు వేసి చూస్తారు. పై హింజ్‌కు ఉన్న రెండు స్క్రూల్లో ఒకటి ఊడి ఎక్కడో పడిపోయింది, రెండోది సగం బయటికి వచ్చి వేలాడుతోంది. బిగిస్తే అర నిమిషం పని. కానీ స్క్రూడ్రైవర్ పట్టుకుంటే మోచేయి సింకు పైపుకు తగులుతుంది. డ్రిల్ మిషన్ పెడదామంటే దాని వెనక భాగం పక్క బండకు కొట్టుకుంటుంది, బిట్టు స్క్రూ దాకా చేరనే చేరదు. కార్పెంటర్‌కు ఫోన్ చేస్తే "రెండు స్క్రూలకు యాడొస్తాంలే అన్నా, ఇంకేమన్నా పనుంటే కలిపి చెప్పు" అంటాడు. ఆయన తప్పేం లేదు, బండికి పెట్రోలు ఖర్చు కూడా రాదు.

కడపలో ఈ బాధ కాస్త ఎక్కువే. మా పాత వంటిళ్లలో ప్లాట్‌ఫాం కింద అరలన్నీ కడప బండతో కట్టినవి. పైన తర్వాత ఎప్పుడో గ్రానైట్ పరిచినా, కింద నిలువు బండలు, అడ్డ బండలు అవే. వాటి మధ్య ఖాళీలు మేస్త్రికి ఆ రోజు తోచినట్టు వచ్చాయి. ఒకటి రెండడుగులు, పక్కది అడుగున్నర, మూలది జానెడు. పదేళ్ల తర్వాత మనం ఆ ఖాళీల్లోనే ప్లైవుడ్ ఫ్రేములు, షట్టర్లు, సొరుగులు జారే ఛానల్స్ ఇరికిస్తాం. ఇక ప్రతి స్క్రూ ఏదో ఒక మూలలోనే ఉంటుంది.

ఇలాంటి చోట్ల కోసమే తల మార్చుకునే చిన్న కార్డ్‌లెస్ డ్రిల్స్ వచ్చాయి. ముందు భాగాన్ని ఊడదీసి వేరే తల తగిలించవచ్చు. బాష్ వాళ్ల ఫ్లెక్సీక్లిక్, మిల్వాకీ వాళ్ల ఎం12 ఫోర్ ఇన్ వన్, ఫెస్టూల్ వాళ్ల సీఎక్స్ఎస్ ఈ కోవలోవే. ఏది కొనాలో నేను చెప్పను, ఎందుకంటే సందు మీది. దాన్ని కొలవడం ఎలాగో, ఏ తల ఎక్కడ పెట్టాలో, చేయి ఎక్కడ పెట్టి నొక్కాలో మాత్రం చెబుతాను. సగం స్క్రూలు పాడయ్యేది ఆ చివరిది తెలియకే.

కొనకముందే అట్టముక్క

టేపు తీసుకుని మీ ఇంట్లో అన్నిటికంటే ఇరుకైన అరను కొలవండి. వంటింట్లో నూనె సీసాల కోసం పెట్టే సన్నటి అర ఉంటుంది చూడండి, బయటికి 9 అంగుళాలు. అంటే 229 మిల్లీమీటర్లు. రెండు పక్కలా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసేస్తే లోపల మిగిలేది 193. ఛానల్ స్క్రూ పక్క ప్లైలోకి అడ్డంగా పోతుంది కాబట్టి ఆ 193 లోపలే మిషను, బిట్టు, స్క్రూ మూడూ పట్టాలి. మామూలు 12 వోల్టుల డ్రిల్ ఒక్కటే చక్‌తో, అంటే బిట్టును పట్టుకునే ముందు భాగంతో కలిపి 17, 18 సెంటీమీటర్లు ఉంటుంది. బిట్టు, స్క్రూ కలిపితే 24, 25 అవుతుంది. కరెంటు వైరుతో నడిచే పెద్ద డ్రిల్ సంగతి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఒక అట్టపెట్టె చింపండి. మీరు కొనాలనుకున్న మిషన్ కొలతలు దాని డబ్బా మీద ఉంటాయి, లేదా షాపులో టేపు పెట్టి కొలవనిస్తారు. ఒక్కో తల తగిలిస్తే ఎంత పొడవో, ఎంత ఎత్తో రాసుకుని, అదే ఆకారంలో అట్ట కత్తిరించండి. బిట్టు పొడవు మరచిపోవద్దు. ఆ అట్టముక్కను సందులో పెట్టి చూడండి. పట్టిందా, మిషన్ కూడా పడుతుంది. పిచ్చి పనిలా ఉంటుంది, నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ వేలు పోసి కొన్నాక పట్టకపోతే ఆ మిషన్ అటక మీదికే పోతుంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. మీ ఇంట్లో ఏడాదికి రెండు స్క్రూలు మాత్రమే వదులవుతాయనుకుంటే ఈ మిషన్ మీకు వద్దు. పొట్టి పిడి ఉన్న రాచెట్ స్క్రూడ్రైవర్ ఒకటి కొనుక్కోండి, టకటకమని అటూ ఇటూ తిప్పితే చాలు. కొత్త ఇల్లు కట్టుకుంటున్నవాళ్లకు, అద్దె ఇళ్ల మరమ్మతులు సొంతంగా చూసుకునేవాళ్లకు, కబోర్డు పని నేర్చుకుంటున్న పిల్లలకు అయితే తప్పకుండా పనికొస్తుంది.

కొనేటప్పుడు వోల్టుల అంకె చూసి మోసపోవద్దు. లిథియం సెల్ ఒకటి మామూలుగా 3.6 వోల్టులు, నిండా చార్జ్ అయితే 4.2. మూడు సెల్స్ ఉంటే 10.8, నిండుగా 12.6. దాన్నే 12 వోల్టులంటారు. ఐదు సెల్స్ అయితే 18, నిండుగా 21. అందుకే ఒకరు 18 అని, ఇంకొకరు 20 అని, మరొకరు 21 అని రాసేది ఒకే బ్యాటరీ గురించి. చవక మిషన్ల మీద 48 అనీ, 88 అనీ పెద్ద అక్షరాలతో ఉంటుంది. అలాంటిది నేను ఒకటి తెప్పించుకున్నాను. ఆరు నెలలకు చార్జ్ నిలవకపోతే బ్యాటరీ విప్పించి చూశాను. లోపల ఐదే సెల్స్! సందు పనికి 12 వోల్టుల తరగతి సరిపోతుంది. పెద్ద బ్యాటరీ పెడితే బలం పెరుగుతుంది, దానితోపాటు పిడి కింద దిమ్మ కూడా పెరుగుతుంది, ఆ దిమ్మే బండకు తగులుతుంది.

నాలుగు తలలు, ఒక బోడి ముక్కు

చక్ ఉన్న తల అందరికీ తెలిసిందే. ఈ చిన్న మిషన్లలో సాధారణంగా 10 మిల్లీమీటర్ల వరకు గుండ్రటి బిట్టు పట్టుకుంటుంది. చెక్కకు, రేకుకు బొక్క పెట్టాలంటే ఇదే.

బిట్ హోల్డర్ తలలో ఆరు పలకల బిట్లు మాత్రమే దూరతాయి. పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్ల మెడ ఉన్నవి. గుండ్రటి మెడ ఉన్న బిట్టు ఇందులో నిలవదు. కాబట్టి ఆరు పలకల మెడతో వచ్చే పొట్టి డ్రిల్ బిట్లు 2, 3, 4 మిల్లీమీటర్లవి ఒక్కోటి కొని పెట్టుకోండి. అవి లేకపోతే ఇరుకులో బొక్క పెట్టడానికి మళ్లీ చక్ తగిలించాలి, పొడవు మళ్లీ మొదటికి వస్తుంది.

యాంగిల్ హెడ్ అనేది లంబకోణంలో వంగి ఉంటుంది. మిషన్ బండకు సమాంతరంగా పడుకుని ఉంటే బిట్టు పక్కకు తిరుగుతుంది. ఈ నాలుగింటిలో నాకు నిజంగా డబ్బులు గిట్టింది దీనితోనే. తలను కొంచెం కొంచెంగా తిప్పి కావలసిన వైపు లాక్ చేయవచ్చు, అంటే పిడి పైకి, కిందికి, పక్కకు మీ చేయి ఎటు ఆడితే అటు పెట్టుకోవచ్చు.

ఆఫ్‌సెట్ హెడ్‌లో బిట్టు మధ్యలో కాకుండా అంచున ఉంటుంది. గోడకు ఆనుకుని ఉన్న స్క్రూకు ఇది. కిటికీ మూలలో కర్టెన్ రాడ్ బ్రాకెట్ గోడకు వేలి మందం దూరంలో ఉంటే, మామూలు చక్ బుర్ర గోడకు తగిలి బిట్టు ఏటవాలుగా పోతుంది. ఆఫ్‌సెట్ అయితే నిటారుగా పోతుంది. ఏడాదికి మూడు నాలుగు సార్లు వాడతానేమో.

ఇక బోడి ముక్కు. తలలన్నీ తీసేస్తే మిషన్ కొననే ఆరు పలకల గుంత ఉంటుంది. 25 మిల్లీమీటర్ల చిన్న స్క్రూ బిట్టును నేరుగా అందులోనే పెట్టవచ్చు. మిషన్ అన్నిటికంటే పొట్టిగా ఉండేది ఇప్పుడే. చాలామంది ఈ సంగతి గమనించరు, ఉన్న తలలన్నీ వాడాలనుకుంటారు.

తల మార్చేటప్పుడు కాలర్ తిప్పి లాక్ చేశాక ఒకసారి లాగి చూడండి. క్లిక్ శబ్దం వినిపించాలి. బ్యాటరీ తీసి మార్చడం ఉత్తమం, కనీసం ముందుకు వెనక్కు మార్చే మీటను మధ్యలో పెట్టండి, అప్పుడు ట్రిగ్గర్ నొక్కుడు పడదు.

కరెంటు, ఇన్వర్టర్

బొక్క పెట్టే చోట వెనక వైరు పోతోందేమో చూసుకోవాలని అందరూ చెబుతారు. స్విచ్ బోర్డు నుంచి నిలువుగా పైకీ కిందికీ, అడ్డంగా పక్కకూ వైరు పోయే అవకాశం ఎక్కువ, ఆ దారిలో వద్దు. మన ఊళ్లలో ఇంకోటి ఉంది. మెయిన్ ఎంసీబీ దించేస్తే ఇల్లంతా కరెంటు పోయిందనుకుంటాం. ఇన్వర్టర్ ఉంటే ఫ్యాన్లు, లైట్ల లైను ఇంకా బతికే ఉంటుంది. ఎంసీబీ దించి, ఇన్వర్టర్ కూడా ఆపి, టెస్టర్ పెట్టి చూసి, తర్వాత మొదలుపెట్టండి. కార్డ్‌లెస్ మిషన్‌కు కరెంటు అక్కర్లేదు కాబట్టి తొందరేం లేదు. పొలంలో స్టార్టర్ పెట్టె రేకుకు బొక్క పెట్టాలన్నా ఇదే మాట, అక్కడ ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని మరీ చేయండి.

సింకు కింద అయితే నీళ్ల వాల్వు కట్టేయండి. కళ్లజోడు పెట్టుకోండి, పైకి చూస్తూ పని చేసేటప్పుడు పొట్టు తిన్నగా కళ్లలోకే వస్తుంది. తిరిగే మిషన్ దగ్గర గుడ్డ గ్లవ్స్ వద్దు, బిట్టు దారాన్ని చుట్టుకుంటే వేలిని కూడా లాగుతుంది.

షట్టర్ హింజ్ బిగించడం

ఊడిన స్క్రూ రంధ్రం చూడండి. స్క్రూ చేత్తో పెడితే లూజుగా తిరుగుతోందంటే చెక్క అరిగిపోయింది. అదే రంధ్రంలో పెద్ద స్క్రూ కొట్టేద్దామనిపిస్తుంది. అలా చేస్తే దాని బుర్ర హింజ్ గుంతలో కూర్చోదు, తలుపు పూర్తిగా మూతపడదు. కాలిపోయిన అగరుబత్తి పుల్లలు రెండు మూడు తీసుకుని, ఫెవికాల్ ముంచి, రంధ్రంలోకి దూర్చి, పైన మిగిలింది విరిచేయండి. ఒక రాత్రి ఆరనివ్వండి. తెల్లారాక ఆ చోట రంధ్రం అంటూ లేకుండా గట్టిపడి ఉంటుంది.

ఇప్పుడు యాంగిల్ హెడ్ తగిలించండి. 2 మిల్లీమీటర్ల పొట్టి డ్రిల్ బిట్టు పెట్టండి. స్క్రూ 16 మిల్లీమీటర్లయితే బిట్టు కొన నుంచి 12 దగ్గర చిన్న ప్లాస్టర్ ముక్క చుట్టండి. ఆ ప్లాస్టర్ ప్లైవుడ్‌కు తగలగానే ఆపాలి, లేకపోతే 18 మిల్లీమీటర్ల ప్లై అవతలికి బొక్క పడుతుంది, అవతల మీ కొత్త లామినేట్ ఉంటుంది.

ఇక చేయి సంగతి. మా ఇంటికి కబోర్డు పని చేసిన పెద్దాయన ఒకరు నేను అవస్థ పడుతుంటే చూసి, "అబ్బీ, పిడిని నెట్టాకు, తలకాయను నెట్టు" అన్నారు. అంతే తేడా. మామూలు డ్రిల్‌తో వెనక నుంచి నెడితే బలం తిన్నగా బిట్టులోకి పోతుంది. యాంగిల్ హెడ్‌లో పిడి పక్కన ఉంటుంది, దాన్ని నెడితే బలం పక్కకు పోయి బిట్టు కొన స్క్రూ గుంతలోంచి జారుతుంది. కుడిచేత్తో పిడి పట్టుకుని ట్రిగ్గర్ నొక్కండి, ఎడమ అరచేయి మడమను తల వెనక, సరిగ్గా బిట్టుకు వెనక వైపు ఆనించి నొక్కండి. రెండు చేతులూ పట్టనంత ఇరుకైతే బొటనవేలితోనైనా అక్కడే నొక్కాలి.

గేరు 1లో పెట్టండి. 12 వోల్టుల మిషన్లలో మామూలుగా రెండు గేర్లుంటాయి. పైన చెప్పిన బాష్ ఫ్లెక్సీక్లిక్‌లో, అంటే జీఎస్ఆర్ 12వీ-15 ఎఫ్‌సీలో మొదటి గేరు నిమిషానికి 400 తిరుగుళ్ల దాకా, రెండోది 1300 దాకా. స్క్రూలకు ఎప్పుడూ మొదటిదే. మిషన్ మీద అంకెల కాలర్ ఉంటుంది కదా, ఎంత బలం దాటితే తిప్పడం ఆపాలో అది చూసుకుంటుంది. దాన్ని చిన్న అంకె దగ్గర, 3 లేదా 4లో పెట్టి మొదలుపెట్టండి. స్క్రూ కూర్చోకముందే టకటకమని జారితే ఒక్కో అంకె పెంచండి. ప్లైవుడ్‌లో స్క్రూ ఒకసారి తొలిచేసుకుందంటే మళ్లీ అగరుబత్తులు వెతుక్కోవలసిందే.

మామూలు ప్లస్ గుర్తు స్క్రూకు పీహెచ్2 అని రాసి ఉన్న బిట్టు పెట్టండి. స్క్రూ బుర్రలో ప్లస్ గుర్తు మధ్య ఇంకో సన్న గీతల ప్లస్ కనిపిస్తే అది పీజడ్ రకం, దానికి పీజడ్2 బిట్టు కావాలి. ఒకదానికి ఇంకొకటి పెడితే తిరుగుతుంది గాని మెల్లగా అరుగుతుంది. సందులో ఉన్న స్క్రూ బుర్ర అరిగిందంటే దాన్ని బయటికి తీయడానికి పూట పడుతుంది. మొదటి రెండు చుట్లు చేత్తో తిప్పి, స్క్రూ నిటారుగా పట్టుకుందని చూసుకుని, తర్వాతే మిషన్ పెట్టండి.

రెండు స్క్రూలూ పెట్టాక పూర్తిగా బిగించకుండా తలుపు మూసి చూడండి. హింజ్‌లోనే ఉన్న సర్దుబాటు స్క్రూతో తలుపును అటూ ఇటూ జరపవచ్చు. ఆ స్క్రూను మాత్రం మిషన్‌తో తిప్పొద్దు, చేతి స్క్రూడ్రైవరే వాడండి, పావు చుట్టుకు తలుపు ఎంతో జరుగుతుంది.

సన్న అరలో బొక్క

నీళ్ల ఫిల్టర్ వైరు పక్క అరలోకి పోవాలి, మధ్యలో ప్లైవుడ్ అడ్డం. 10 మిల్లీమీటర్ల బొక్క పెట్టాలి. ముందు 3 మిల్లీమీటర్లతో దారి వేసి, తర్వాత పెద్ద బిట్టు పెట్టండి. పెద్ద బిట్టు అవతలికి తేలే క్షణంలో ప్లై పెచ్చులు లేస్తుంది. అవతలి వైపు ఒక చెక్క ముక్క ఆనించి పట్టుకుంటే లేవదు. రెండు అరలూ మీవే కాబట్టి ఇంకో పద్ధతి ఉంది, 3 మిల్లీమీటర్ల రంధ్రం అవతలికి తేలాక, సగం ఇటు నుంచి, సగం అటు నుంచి పెట్టండి.

యాంగిల్ హెడ్‌తో పెద్ద బిట్టు వాడేటప్పుడు బిట్టు ఇరుక్కుంటే మిషన్ మొత్తం గిర్రున తిరగబోతుంది. పైన చెప్పిన బాష్ మిషన్‌కు గరిష్ఠ టార్క్, అంటే తిప్పే బలం, 30 న్యూటన్ మీటర్లు. ఇరుకులో మణికట్టు బండకు, మిషన్‌కు మధ్య పడితే అది తక్కువేం కాదు. అందుకని పిడి ఎటు తిరగబోతుందో ముందే చూసుకుని, ఆ వైపు మీ వేళ్లు లేకుండా పెట్టుకోండి. మొదట్లో నేను ఏ డ్రిల్‌కైనా తగిలించుకునే రకం, కొన్ని వందల్లో దొరికే 90 డిగ్రీల అడాప్టర్ వాడాను. దాన్ని ఒక చేత్తో గట్టిగా పట్టుకోకపోతే అది కూడా తిరుగుతుంది. రెండోరోజే నా వేలి కణుపులు ప్లాట్‌ఫాం అంచుకు తగిలి చర్మం లేచిపోయింది. స్క్రూలకు పర్వాలేదు గాని బొక్కలకు అది వద్దు.

కడప బండకు బొక్క

ఇదే అందరూ అడిగేది. కడప బండ సున్నపురాయి, పొరలు పొరలుగా వస్తుంది కాబట్టే పలకలుగా తీయగలుగుతున్నారు. ఎర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల పలకల సంగతీ అంతే. గ్రానైట్ అయితే ఈ చిన్న మిషన్ తలెత్తి చూడను కూడా చూడలేదు, డైమండ్ బిట్టు, పెద్ద మిషన్ కావాలి. సున్నపురాయి మెత్తన, మామూలు గోడ బిట్టు కొనన ఉండే కార్బైడ్‌కే తెగుతుంది. హామర్, అంటే తిప్పుతూ సుత్తిలా కొట్టే పద్ధతి, అక్కర్లేదు. నిజానికి హామర్ వాడితేనే ప్రమాదం, బండ పొర లేచిపోతుంది.

చోటు అంచుకు కనీసం రెండంగుళాలు దూరంగా ఎంచుకోండి. మాస్కింగ్ టేపు అంటించి గుర్తు పెట్టండి, నున్నటి బండ మీద బిట్టు జారకుండా ఉంటుంది. 4 మిల్లీమీటర్ల బిట్టుతో మెల్లగా మొదలుపెట్టి, తర్వాత 6కు పోండి. పది సెకన్లకు ఒకసారి బిట్టు బయటికి తీసి పొడి దులపండి, తడి స్పంజితో బిట్టు చల్లార్చండి. నీళ్లు మిషన్ మీద పడకూడదు. పలక నిలువు అంచులోకి, అంటే పొరల మధ్యలోకి మాత్రం ఎప్పుడూ బొక్క పెట్టొద్దు, రెండుగా విచ్చుకుంటుంది.

ఇంకో చిక్కు. ఈ బండ మందం ముప్పాతిక అంగుళం, మహా అయితే అంగుళం. గోడకు వాడే ప్లాస్టిక్ గట్టీ పొడవు 30 మిల్లీమీటర్లు. అది అందులో పట్టదు. అందుకే అవతలికి తేలేలా బొక్క పెట్టి నట్టు బోల్టు వేయడమే మేలు. బోల్టు బుర్ర కింద వెడల్పు వాషర్ పెట్టి, చేత్తో బిగించండి. ఇక్కడ మిషన్‌తో బిగిస్తే బండ టిక్కుమని చీలుతుంది, ఆ శబ్దం నాకు బాగా గుర్తు.

ఎండాకాలం, బ్యాటరీ

లిథియం బ్యాటరీలను 45 డిగ్రీల వేడి దాటితే చార్జ్ చేయకూడదని సాధారణంగా మాన్యువల్స్‌లో ఉంటుంది. మే నెల కడపలో బయటి ఎండే ఆ దరిదాపుల్లో ఉంటుంది. స్కూటీ డిక్కీలో మధ్యాహ్నం వదిలేసిన బ్యాటరీ సంగతి ఇక మీరే ఊహించుకోండి. పని అయిన వెంటనే వేడి మీద చార్జర్‌లో పెట్టకుండా, అరగంట ఫ్యాన్ కింద పెట్టి, చల్లారాక పెట్టండి. నెలల తరబడి వాడకపోతే సగం చార్జ్‌తో, మిషన్ నుంచి ఊడదీసి, బీరువాలో పెట్టండి. తలలను ఒక స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టండి. బండ పొడి యాంగిల్ హెడ్ కాలర్‌లో చేరితే లాక్ సరిగా పడదు, పాత టూత్‌బ్రష్‌తో దులిపి, పొడిగుడ్డతో తుడిచి లోపల పెట్టండి.